అంబాసిడర్‌కు అల్యూమినియం రేడియేటర్: కొలిచి ఎంచుకోవడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే పాత కార్లు ఉన్నవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "అంబాసిడర్ హీట్ ఎక్కుతోంది. పాత ఇత్తడి రేడియేటర్ తీసేసి అల్యూమినియంది వేయించమంటున్నారు. మూడు రోలది కొనాలా, నాలుగు రోలదా?" రోలు అంటే రేడియేటర్‌లో నీళ్లు పారే ట్యూబుల వరసలు, ఒకదాని వెనక ఒకటి. వాటి గురించి అందరూ అడుగుతారు. తమ బండి ఫ్యాన్‌కి ఎన్ని రెక్కలున్నాయి, ఆ రెక్కలకీ రేడియేటర్‌కీ మధ్య ఎంత సందు ఉంది అని చూసుకుని వచ్చేవాళ్లు చాలా తక్కువ. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజిన్‌ని కాపాడేది రోలు కాదు, వాటి మధ్య నుంచి ఫ్యాన్ లాగే గాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కొనుగోలులో సగం తప్పులు తప్పుతాయి.

అంబాసిడర్లు తయారైన బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. ఇప్పుడు షాపుల్లో దొరికేవి మూడు రకాలు: "అంబాసిడర్‌కి సరిపోతుంది" అని రెడీగా అమ్మేవి, కొలతలు ఇస్తే చేసి ఇచ్చేవి, వేరే కారు రేడియేటర్‌ని అడ్జస్ట్ చేసి పెట్టేవి. పైగా అంబాసిడర్ అంటే ఒకే బండి కాదు. 1.5 లీటర్ల పాత బ్రిటిష్ బీఎంసీ పెట్రోల్, అదే సైజు డీజిల్, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్, 2 లీటర్ల ఇసుజు డీజిల్ అన్నీ ఆ బాడీలోనే వచ్చాయి. పైపులు, ఫ్యాన్, ఇంజిన్ ముందు ఖాళీ అన్నిటికీ ఒకేలా ఉండవు. అందుకే మోడల్ పేరు చెప్పి కొనకండి, కొలిచి కొనండి. పద్మిని, కాంటెస్సా, పాత జీపు ఉన్నవాళ్లకి అంకెలు మారతాయి తప్ప పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కొలత టేపు, స్టీల్ స్కేలు, వీలైతే వెర్నియర్ కాలిపర్. ఒక పెద్ద అట్టపెట్టె, థర్మాకోల్ షీట్లు, కొంచెం చపాతీ పిండి ముద్ద. డిజిటల్ మల్టీమీటర్. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, నల్ల ఇన్సులేషన్ టేపు. బిగించే రోజుకి కొత్త హోస్‌లు, క్లిప్పులు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే వాల్వు), దాని గ్యాస్కెట్, కొత్త క్యాప్, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, రబ్బరు వాషర్లు.

1. తప్పు రేడియేటర్‌దేనా, తేల్చుకోండి

ముందుగా గమనించాల్సింది బండి ఎప్పుడు హీట్ అవుతోందన్నది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడి చూపే మీటరు ముల్లు లేచి, రోడ్డు ఖాళీ అయి వేగం అందుకోగానే దిగిపోతే అది గాలి సమస్య. ఫ్యాన్, బెల్టు, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) చూడాలి. హైవేలో 80 మీద గంటసేపు వెళ్తే లేస్తూ ఉంటే నీళ్ల ప్రవాహం చాలకపోవచ్చు, రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు. అప్పుడే కొత్త రేడియేటర్ గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.

రేడియేటర్ మీదకి నింద వచ్చేలా చేసే మిగతావి కూడా వరసగా చూడండి. వదులైన బెల్టు. లీకయ్యే వాటర్ పంప్. వేగం పెంచగానే లోపలికి నొక్కుకుపోయే కింది హోస్. వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్. పట్టేసుకుని తిరిగే బ్రేకులు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు క్యాప్ తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. అలాంటి బండికి ఎంత మంచి రేడియేటర్ వేసినా డబ్బు వృథా.

పూడిక పట్టుకోవడం తేలికే. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, కీ జేబులో వేసుకుని, కోర్ (ట్యాంకుల మధ్య ట్యూబులు, ఫిన్నులనే పల్చటి రేకులు ఉండే జాలీ భాగం) మీద చేయి దగ్గరగా పెట్టి పై నుంచి కిందికి, ఈ పక్క నుంచి ఆ పక్కకి జరపండి. వేడి పై నుంచి కిందికి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా అరచేయంత మేర చల్లగా తగిలితే అక్కడి ట్యూబులు మూసుకుపోయాయి. బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో ఇది మామూలే.

హెచ్చరిక: వేడిగా ఉన్న రేడియేటర్ క్యాప్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. గుడ్డ వేసి తిప్పినా సరే, ముఖం మీదకి ఆవిరి కొడుతుంది.

2. పాతదానికే కోర్ మార్పించడం కుదురుతుందా?

వింటేజ్ ర్యాలీలకి తీసుకెళ్లే బండి అయితే, బానెట్ ఎత్తినప్పుడు అంతా కంపెనీ నుంచి వచ్చినట్టే కనిపించాలనుకుంటే, ఇత్తడి ట్యాంకులు బాగున్నంతకాలం రీ-కోర్ చేయించడమే నా సలహా. ట్యాంకులు, పైపులు, బిగింపు పట్టీలు పాతవే ఉంటాయి కాబట్టి ఫిట్టింగ్ సమస్య ఉండదు. ఊళ్లో టంకం తెలిసిన రేడియేటర్ మేస్త్రీ ఉంటే రేపు లీకయినా బాగుచేస్తాడు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

రోజూ తిప్పే బండి, ఏసీ పెట్టించిన బండి, లేదా ట్యాంకులు కూడా తినేసిన బండి అయితే అల్యూమినియం వైపు వెళ్లండి.

పాత రేడియేటర్‌లో ఫిన్నులు రాగివి, రాగి అల్యూమినియం కన్నా వేడిని బాగా లాగుతుంది కదా, మరి ఇదెందుకు అంటారు. పాత కోర్‌లో ట్యూబులు సన్నవి, అర అంగుళం ప్రాంతంలో ఉంటాయి. ట్యూబుకీ ఫిన్నుకీ మధ్య సీసం కలిసిన టంకం ఉంటుంది, అది వేడిని అంత బాగా దాటనివ్వదు. అల్యూమినియం కోర్‌లో ట్యూబు అంగుళం వెడల్పు దాకా పెట్టొచ్చు, ఫిన్ను నేరుగా ట్యూబుకే అతుక్కుంటుంది. బరువూ తగ్గుతుంది. థియరీ ఇంతవరకు చాలు.

3. కొలతలు తీయండి

పాత రేడియేటర్ బండిలో ఉండగానే ఒకసారి, బయటికి తీశాక ఇంకోసారి కొలవండి. కాగితం మీద ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ గీసి అంకెలన్నీ మిల్లీమీటర్లలో రాయండి. సగం అంగుళాల్లో, సగం మిల్లీమీటర్లలో ఇస్తే షాపులో కచ్చితంగా గందరగోళం అవుతుంది.

కోర్ ఎత్తు, వెడల్పు, మందం వేర్వేరుగా రాయాలి. ట్యాంకులతో కలిపి మొత్తం ఎత్తు, ట్యాంకు మందం కూడా. బిగింపు రంధ్రాల మధ్య దూరం, అవి కోర్ ముందు అంచు నుంచి ఎంత వెనక్కి ఉన్నాయో రాయండి. ఈ రెండో అంకె చాలామంది మరిచిపోతారు. అది తప్పితే రేడియేటర్ మొత్తం ఫ్యాన్ వైపుకి జరిగి కూర్చుంటుంది. పై పైపు, కింది పైపు బయటి వ్యాసం కాలిపర్‌తో తీయండి. అవి ట్యాంకు మధ్య నుంచి ఎంత పక్కకి ఉన్నాయి, ఏ కోణంలో వంగి ఉన్నాయి అన్నది కూడా కావాలి. క్యాప్ ఉండే మెడ స్థానం, ఓవర్‌ఫ్లో పైపు ఎటు తిరిగి ఉంది, డ్రెయిన్ ట్యాప్ ఎక్కడుంది, ఇవీ రాయండి.

తర్వాత బండిలో కొలవాల్సింది అసలైన అంకె: పాత కోర్ వెనక ముఖం నుంచి ఫ్యాన్ రెక్క ముందు అంచు దాకా ఎంత దూరం? నాలుగు రెక్కల దగ్గరా కొలవండి. పాత ఫ్యాన్ కొద్దిగా వంకరపోయి ఉంటే ఒక రెక్క మిగతావాటికన్నా ముందుకి ఉంటుంది. అన్నిటిలోకీ చిన్న అంకెనే తీసుకోండి.

కొలిచే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బరు కుంగిన బండిలో ఇంజిన్ దిగి ఉంటుంది, గట్టిగా బ్రేకు వేస్తే ముందుకి ఊగుతుంది. మౌంటింగులు మార్చాకే కొలత తీయడం మంచిది. కొత్త రేడియేటర్ పెట్టాక కోర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు మిగలాలి.

4. ఆర్డర్ ఇచ్చే ముందు అట్టతో డమ్మీ చేయండి

గంట పని, ఎవరూ చేయరు. దయచేసి మీరు చేయండి.

అట్టపెట్టెని కొత్త రేడియేటర్ ముఖం సైజుకి కోయండి. కోర్ మందం వచ్చేదాకా థర్మాకోల్ షీట్లు ఒకదాని వెనక ఒకటి టేపుతో అతికించండి. పైనా కిందా ట్యాంకుల మందానికి ఇంకో పొర వేయండి, ఎందుకంటే చాలా అల్యూమినియం రేడియేటర్లలో ట్యాంకు కోర్ కన్నా లావుగా ఉంటుంది. పైపులున్న చోట పీవీసీ పైపు ముక్కలు గుచ్చండి. దీన్ని పాత రేడియేటర్ స్థానంలో నిలబెట్టి చూడండి. హోస్ వంపు తిరగకుండా, నలగకుండా అందుతోందా? కింది పైపు స్టీరింగ్ భాగాలకో క్రాస్‌మెంబర్‌కో తగులుతోందా? ఫ్యాన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పండి, ట్యాంకు అంచుకి రాసుకోకుండా తిరగాలి.

ఇప్పుడు క్యాప్ వచ్చే చోట, క్యాప్ ఎత్తుకి కాస్త పైన దాకా పిండి ముద్ద పెట్టి, దాని మీద పాలిథిన్ కవర్ ముక్క వేసి, బానెట్ మెల్లగా దించి మూయండి. మళ్లీ తెరిస్తే ముద్ద ఎంతవరకు నొక్కుకుందో కనిపిస్తుంది. అంతకన్నా కనీసం 10 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో క్యాప్ పైభాగం ఉండేలా మెడ ఎత్తు షాపుకి చెప్పండి. బానెట్ లోపలి పట్టీ క్యాప్‌ని నొక్కుతూ ఉంటే కొన్నాళ్లకి మెడ దగ్గర వెల్డింగ్ పగులుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

5. కోర్ ఎంచుకోండి

ఇక రోల సంగతి. వేడిని వదిలించడంలో మొదటి స్థానం ముఖం వైశాల్యానిది, అంటే ఎత్తు ఇంటూ వెడల్పు. మందం ఆ తర్వాతే. మొదటి రో చల్లటి గాలిని వాడేసుకుంటుంది, రెండో రోకి వేడెక్కిన గాలి వస్తుంది, నాలుగో దాకా వెళ్లేసరికి ఆ గాలి తీసుకునే వేడి చాలా తక్కువ. పైగా మందం పెరిగేకొద్దీ గాలి దూరడం కష్టం. హైవేలో బండి వేగమే గాలిని తోస్తుంది కాబట్టి తేడా తెలియదు. సిగ్నల్ దగ్గర మాత్రం నాలుగు రెక్కల పాత ఫ్యాన్ ఆ మందంలోంచి గాలి లాగలేక చేతులెత్తేస్తుంది. "నాలుగు రోలది వేయించాను, ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ హీట్ అవుతోంది" అనేవాళ్ల సమస్య ఇదే.

1.5 లీటర్ల అంబాసిడర్‌కి నేను చెప్పేది: బాడీ ఎంతవరకు చోటిస్తే అంతవరకు ముఖం పెద్దది తీసుకోండి, మందం 40 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి. వెడల్పు ట్యూబులతో రెండు రోలు చాలు. ఏసీ ఉంటే ముందు కండెన్సర్ కూడా గాలికి అడ్డమే, అప్పుడు కోర్ మందం పెంచడం కన్నా ఫ్యాన్, ష్రౌడ్ మీద ఖర్చు పెట్టడం మేలు. ఫిన్నులు మరీ దగ్గరగా ఉన్నది కూడా వద్దు. మట్టి రోడ్లు, చేల గట్లు, లారీల వెనక దుమ్ములో తిరిగే బండికి ఆ సందులు త్వరగా మూసుకుపోతాయి.

ఎండ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. నీళ్లు 90 డిగ్రీల దగ్గర, బయట గాలి 30 దగ్గర ఉంటే తేడా 60. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 45కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, దాదాపు నాలుగో వంతు తక్కువ వేడి వదిలిస్తాయి. డిసెంబరులో ట్రయల్ వేసి బాగుందని మురిసిపోతే సరిపోదు.

ట్యాంకులు పైనా కిందా ఉండే రకమే అడగండి. పాత ఇంజిన్ పైపులు దానికే అమరి ఉంటాయి. వేరే కారుది, ట్యాంకులు పక్కలకి ఉండే ప్లాస్టిక్ రకం అడ్జస్ట్ చేస్తామంటే మూడు చూడాలి. పైపు వ్యాసం తగ్గుతోందా? క్యాప్ ఇంజిన్‌లోని నీటి మట్టం కన్నా పైన ఉంటుందా? కోర్ ముఖం పాతదానికన్నా చిన్నదా? మూడింటిలో ఒక్కటి తేడా వచ్చినా వదిలేయండి.

6. షాపులో చేత్తో పట్టుకుని చూడాల్సినవి

పై పైపులోంచి టార్చి వేసి లోపలికి చూడండి. ట్యూబుల చివరలు పలకలో కలిసే చోట లోహం లోహంతో శుభ్రంగా కలిసిపోయి ఉండాలి. అక్కడ బూడిద రంగులోనో నల్లగానో జిగురు పూసినట్టు కనిపిస్తే అది ఎపాక్సీ. వేడికీ చల్లదనానికీ సాగుతూ ముడుచుకుంటూ ఎపాక్సీ వదిలేసే అవకాశం ఉంది. వదిలాక ఆ చోట వెల్డింగ్ కూడా సరిగా పట్టదు. ఫర్నేస్‌లో బ్రేజింగ్ చేసిన (జిగురుతో కాకుండా లోహం కరిగించి అతికించిన) కోర్, టిగ్ వెల్డింగ్ చేసిన ట్యాంకు కావాలని అడగండి, బిల్లు మీద రాయించుకోండి.

వెల్డింగ్ గీత అలలు అలలుగా ఒకే తీరుగా ఉండాలి. గ్రైండర్‌తో అరగదీసి పెయింట్ కొట్టి ఉంటే అనుమానించండి. పైపుల చివర హోస్ జారకుండా ఉబ్బెత్తు అంచు ఉండాలి. నున్నటి పైపు మీద క్లిప్పు ఎంత బిగించినా ఒత్తిడికి హోస్ ఊడుతుంది. మీ కొలతల కాగితం తీసి ప్రతి అంకె మీ చేత్తో మీరే కొలవండి. చివరగా మీ ఎదుటే టబ్బులో ముంచి గాలి పెట్టమనండి. 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, కొద్ది నిమిషాల పాటు ఒక్క బుడగ కూడా రాకూడదు. కంప్రెసర్ పూర్తి గాలిని రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెట్టనివ్వకండి, కొత్త కోర్ అక్కడే ఉబ్బిపోతుంది.

7. క్యాప్

చిన్న వస్తువు, పెద్ద తలనొప్పి. పాత బ్రిటిష్ డిజైన్ల మెడ లోతు ఎక్కువ, సుమారు అంగుళం. ఇప్పటి చాలా రేడియేటర్ల మెడ ముప్పావు అంగుళమే. పాత పొడుగు క్యాప్ కొత్త మెడకి పూర్తిగా తిరగదు. కొత్త పొట్టి క్యాప్ పాత లోతు మెడలో అడుగుకి తగలనే తగలదు, ఒత్తిడి నిలవదు. రేడియేటర్ కొన్న చోటే దానికి సరిపడే క్యాప్ కూడా తీసుకోండి.

క్యాప్ మీద ఉండే అంకె ఒత్తిడి. పాత బండ్లకి 4, 7 పీఎస్ఐ లాంటి చిన్న అంకెలు ఉండేవి. 7 పీఎస్ఐ ఒత్తిడిలో మామూలు నీళ్లు సుమారు 111 డిగ్రీల దాకా మరగవు. "13ది పెట్టేయండి, ఇంకా సేఫ్" అని చెప్పేవాళ్లుంటారు. కొత్త రేడియేటర్ తట్టుకుంటుంది కానీ, ముప్పై నలభై ఏళ్ల వాటర్ పంప్ సీలు, హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌లో ఉండే చిన్న రేడియేటర్), ఇంజిన్ వెనక రంధ్రాలు మూసే ప్లగ్గులు తట్టుకోవాలి కదా. అన్నీ కొత్తగా మార్చిన ఇంజిన్ అయితే తప్ప పాత అంకె దగ్గరే ఉండండి.

8. ఫ్యాన్, ష్రౌడ్

ష్రౌడ్ లేని బండికి ష్రౌడ్ చేయించండి. రేడియేటర్‌తో పాటే ఆర్డర్ ఇవ్వండి. ఫ్యాన్ దానికి ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచి మాత్రమే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వృథా. ష్రౌడ్ ఉంటే మొత్తం ముఖం పనిచేస్తుంది. రెక్కల మందంలో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. రెక్క కొసకీ ష్రౌడ్‌కీ మధ్య ఇంజిన్ ఊగడానికి సరిపడా, సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు వదలండి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆలోచన ఉంటే ముందు ఛార్జింగ్ చూడండి. పాత డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టూ, అది కూడా రేస్ ఇచ్చినప్పుడు. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు, అంటే ఫ్యాన్ బాగా అవసరమైనప్పుడే, అది ఇచ్చేది దాదాపు శూన్యం. రాత్రి లైట్లు కూడా వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఆల్టర్నేటర్ ఉంటేనే, రిలే, ఫ్యూజు వేసి పెట్టించండి. ఫిన్నుల మధ్య నుంచి ప్లాస్టిక్ పుల్లలు దూర్చి ఫ్యాన్ కట్టే పద్ధతి మాత్రం వద్దు. ఆ కదలికకి ట్యూబు అరిగి చిల్లు పడుతుంది.

9. కొత్తది బిగించే ముందు ఇంజిన్ కడగండి

ఇది వదిలేస్తే బ్లాకులోని తుప్పంతా వారంలో కొత్త ట్యూబుల్లోకి చేరుతుంది. థర్మోస్టాట్ తీసి, బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ కాక్ విప్పండి. నీళ్లు రాకపోతే కాక్ బాగాలేదని అనుకోకండి, దాని వెనక బురద గట్టిపడి ఉంటుంది. తీగతో గుచ్చి కదపండి. థర్మోస్టాట్ వైపు నుంచి హోస్ పైపుతో నీళ్లు పెట్టి, కాక్ నుంచి, కింది హోస్ నుంచి తేట నీళ్లు వచ్చేదాకా వదలండి.

ముఖ్యమైన హెచ్చరిక: ఇత్తడి రేడియేటర్లు కడగడానికి వాడే కాస్టిక్ సోడా, చాకలి సోడా, యాసిడ్ అల్యూమినియం రేడియేటర్‌లోకి పొరపాటున కూడా పోయనివ్వకండి. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. మేస్త్రీకి చెప్పి ఊరుకోకుండా, రేడియేటర్ మీద "అల్యూమినియం, సోడా వాడొద్దు" అని మార్కర్‌తో రాసి పెట్టండి. అలాగే దారిలో లీకయితే పసుపు వేసి ఆపే అలవాటు ఉంది. ఇంటికి చేరడానికి వేరే దారి లేకపోతే సరే, చేరాక మొత్తం కడిగించాల్సిందే.

10. బిగింపు

రంధ్రాలు కలవకపోతే బోల్టుతో లాగి కలపకండి, రంధ్రాన్ని సాగదీయండి. లాగి బిగించిన రేడియేటర్ ట్యాంకు మూలలో పగులుతుంది. ప్రతి బోల్టుకీ రెండు వైపులా రబ్బరు వాషర్లు వేయండి. అదురు తగ్గడానికే కాదు, రేడియేటర్ బాడీకి కరెంటు పరంగా తగలకుండా ఉండటానికి కూడా. హారన్ దో, ఫ్యాన్ దో ఎర్త్ వైరు రేడియేటర్ బోల్టుకి తగిలించి ఉంటే తీసి బాడీకి విడిగా ఇవ్వండి.

థర్మోస్టాట్ కొత్తది పెట్టండి, 82 డిగ్రీలది మన ఎండలకి బాగుంటుంది. "మన దేశానికి థర్మోస్టాట్ అక్కర్లేదు" అని తీసి పారేసే అలవాటు మానాలి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

రేడియేటర్‌కి రంగు వేయాలనుకుంటే పల్చటి మ్యాట్ బ్లాక్ ఒక్క పొర చాలు. మందంగా ఎనామిల్ కొడితే అది దుప్పటి కప్పినట్టే.

11. కూలెంట్

అల్యూమినియం రేడియేటర్‌లో కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోయకూడదు. ఒకవైపు పోత ఇనుప బ్లాకు, ఇంకోవైపు అల్యూమినియం, మధ్యలో ఉప్పు నీళ్లు ఉంటే అల్యూమినియమే ముందు పోతుంది. మూడో వంతు కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్ మన వాతావరణానికి సాధారణంగా సరిపోతుంది. డబ్బా మీద రాసిన కనీస పాళ్ల కన్నా తగ్గించకండి. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చ, ఎరుపు అన్నవి కంపెనీ ఇష్టం. అల్యూమినియానికీ పోత ఇనుముకీ పనికొస్తుందని డబ్బా మీద ఉండాలి. పాత రాగి హీటర్ కోర్ ఇంకా బండిలో ఉంటే రాగికి, టంకానికి కూడా పనికొచ్చేదే తీసుకోండి. రెండు రకాలు కలపొద్దు.

హీటర్ ఉంటే దాని వాల్వు తెరిచి, బండి ముక్కు కాస్త ఎత్తులో నిలిపి, నెమ్మదిగా పోస్తూ పై హోస్‌ని పిసుకుతూ ఉండండి, గాలి బయటికి వస్తుంది. ఓవర్‌ఫ్లో బాటిల్ లేని బండిలో మెడ దాకా నింపకండి, అంగుళం తక్కువ ఉంచండి.

పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, అది విషం. పిల్లలు, కుక్కలు తాగే వీలు లేకుండా మూత ఉన్న డబ్బాలో ఎత్తిపెట్టండి.

12. సరిగ్గా వచ్చిందా? ఇలా చెక్ చేయండి

మొదట కరెంటు. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంకోటి క్యాప్ తీసిన మెడలోంచి కూలెంట్‌లోకి, లోహానికి తగలకుండా ముంచండి. ఇంజిన్ చల్లగా ఉండగా చేయాలి. 0.1 వోల్టు లేదా అంతకన్నా తక్కువ వస్తే బాగుంది. ఇప్పుడు ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి, తర్వాత లైట్లు, హారన్, వైపర్ ఒక్కొక్కటీ వేయమనండి. సెల్ఫ్ కొట్టినప్పుడు అంకె ఎగిరితే ఇంజిన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ పాడైంది. ఒక స్విచ్ వేసినప్పుడు మాత్రమే ఎగిరితే ఆ వైరు ఎర్త్ సరిచేయండి. ఏమీ వేయకుండానే 0.3 దాకా ఉంటే ఆ కూలెంట్ తీసేసి, కడిగి, కొత్తది పోయండి. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల ఏడాదికే చిల్లులు పడ్డ కొత్త రేడియేటర్లు ఉన్నాయి.

తర్వాత వేడి. మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అబద్ధం చెబుతుంది, అసలు కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఆ టేపు మీదే గురిపెట్టి చూడండి. ఇంజిన్ 20 నిమిషాలు ఐడిల్‌లో నడిచాక పైనా కిందా దాదాపు ఒకటే వేడి ఉండి ముల్లు ఎక్కుతూ ఉంటే గాలి చాలడం లేదు, ఫ్యాన్ వైపు చూడండి. పైన మరుగుతూ కింద బాగా చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు: గాలి బుడగ, ఇరుక్కున్న థర్మోస్టాట్, వాటర్ పంప్, ఈ వరసలో చూడండి.

ఆ తర్వాతే రోడ్డు. మొదటి రోజు ఊళ్లోనే, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తిప్పండి. రెండో రోజు హైవే. ఘాట్ రోడ్డు ఆఖరున. శ్రీశైలం ఘాట్‌లోనో అనంతగిరి ఎక్కుతూనో ముల్లు మామూలు కన్నా కాస్త లేచి, దిగుడు రాగానే మళ్లీ పాత చోటికి వస్తే కంగారు పడక్కర్లేదు. లేచింది లేచినట్టే ఉండిపోతే పక్కన ఆపి చల్లారనివ్వండి.

మొదటి 200 కిలోమీటర్ల తర్వాత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులన్నీ ఒకసారి బిగించి, కూలెంట్ మట్టం చూడండి. గాలి బయటికి వచ్చినందువల్ల మొదటిసారి కొంచెం తగ్గడం సహజం, రెండోసారి కూడా తగ్గితే ఎక్కడో కారుతోంది. ఫిన్నుల మీద ఫ్యాన్ రాసిన గీత ఉందేమో టార్చితో వెతకండి. ప్రతి సర్వీసుకీ వోల్టు పరీక్ష మళ్లీ చేయండి, కూలెంట్ రెండేళ్లకోసారి మార్చండి. పోసిన తేదీ పెయింట్ మార్కర్‌తో పై ట్యాంకు మీదే రాసి పెడితే ఏ మెకానిక్ చేతికి వెళ్లినా తెలుస్తుంది.